అప్పన్న నెత్తిన రుద్దిన తప్పు

నరసరావుపేట మార్కెట్‌యార్డు వీధిలో పురుగుమందుల కొట్టున్న అమరేశ్వరరావుకి రెండు విషయాల్లోనే ఓపిక. ఒకటి, మందు ఎంత కలపాలో రైతుకి విడమరిచి చెప్పడం. రెండు, గాలం వేసి కూర్చోవడం. మిగతా వాటికన్నిటికీ ఆయన కోపం ముక్కు మీదే ఉంటుంది.

నూజెండ్ల పక్క పల్లెలో పుట్టాడు. గుండ్లకమ్మ ఒడ్డున నాయన పక్కన కూర్చుని, వెదురుగెడకి దారం కట్టి, కొక్కేనికి ఎర గుచ్చి, బెండు మునిగేదాకా కదలకుండా ఉండటం నేర్చుకున్నాడు. గుడ్లతో ఉన్న చేప పడితే నాయన గాలం విడదీసి మళ్లీ ఏట్లోకి వదిలేసేవాడు. "కడుపుతో ఉన్నదాన్ని కోసుకుతింటే రేపు ఏటికి ఏం మిగులుద్దిరా?" అనేవాడు. అమరేశ్వరరావుకి తలనెరిసినా ఆ అలవాటు పోలేదు. ఆదివారం సాగర్ కాలవ మీదికి పోయి, పట్టినవాటిలో సగం వదిలేసి వస్తాడు. ఇంటికి తెచ్చింది చూసి భార్య ఉష, "దీనికా పొద్దుటనుంచి ఎండలో మాడింది?" అంటుంది.

అందుకే ఒక మందుల కంపెనీవాళ్లు డీలర్లని అండమాన్ టూరుకి తీసుకెళ్తున్నారనీ, అక్కడ సముద్రంలో గాలం వేయిస్తారనీ తెలిసినప్పుడు పిల్లాడిలా సంబరపడ్డాడు. సత్తెనపల్లి డీలరు నాగేశ్వరరావు కూడా వస్తున్నాడు. వరసకి బావ, వయసులో ఉన్నప్పటినుంచీ స్నేహితుడు. కంపెనీ తరఫున రాజీవ్ అనే కుర్ర ఆఫీసరు వెంట వచ్చాడు.

అండమాన్‌లో పడవెక్కే రేవు దగ్గర పెద్ద బోర్డొకటి ఉంది. మిగతావాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు దిగితే, అమరేశ్వరరావు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. సరదాకి గాలం వెయ్యాలన్నా పడవకి పర్మిట్ ఉండాలి. కొన్ని దీవుల చుట్టూ అసలు వెయ్యకూడదు, వాటిని ఎర్రరంగులో చూపించారు. తాబేళ్లు, పగడాలు, సముద్రగుర్రాలు, పెద్ద ఆల్చిప్పలు, వీటిని ముట్టుకున్నా నేరమే. ఆయనకి ముచ్చటేసింది. మా నాయన నోటిమాటగా చెప్పింది ఇక్కడ గవర్నమెంటు బోర్డు రాయించి మరీ చెబుతోంది అనుకున్నాడు.

పడవ నడిపేవాడు అప్పన్న, మన తెలుగువాడే. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపునుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారట. పడవ మాత్రం వేరే యజమానిది. కాసేపు పోయాక రాజీవ్ ఒక దీవి చూపించి, "అటు పోనీ, చేపలు అక్కడే ఎక్కువంట" అన్నాడు.

అప్పన్న చుక్కాని తిప్పలేదు. "అక్కడ కాదు బాబూ. అది మూసేసిన జాగా."

"మీ ఓనరుతో మాట్లాడా. నువ్వు పోనీవయ్యా."

అమరేశ్వరరావుకి ఆ దీవిని ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో కాదు, బోర్డు మీద, ఎర్రరంగులో. "ఒరేయ్ రాజీవూ, ఇక్కడ వెయ్యకూడదని రాసుందిరా. నేను చదివా" అన్నాడు.

"ఇంతదూరం బోర్డులు చదవటానికొచ్చావా బావా?" అని నాగేశ్వరరావు నవ్వాడు. అందరూ నవ్వారు. రాజీవ్ యజమానికి ఫోన్ కలిపి అప్పన్న చెవికి పెట్టాడు. అవతలివైపు కేకలు పడవలో అందరికీ వినబడ్డాయి. అప్పన్న పడవ తిప్పాడు.

అమరేశ్వరరావు తన గాలం మడిచి పక్కన పెట్టేశాడు. అంతకంటే గట్టిగా అడ్డుపడలేదు. పదిమందిలో అల్లరెందుకులే అనుకున్నాడు.

కాసేపటికి నాగేశ్వరరావు గాలం బరువుగా లాగింది. ముగ్గురు కలిసి లాగితే పైకొచ్చింది చేప కాదు, తాబేలు. కొక్కెం ముందు రెక్కలో దిగబడి నెత్తురు కారుతోంది. దాన్ని పడవలోకి లాగి వెల్లకిలా తిప్పారు. ఒకడు దాని పొట్ట మీద కాలుపెట్టి ఫొటో దిగాడు. ఇంకొకడు, "దీని కూర ఎట్టుంటదో?" అన్నాడు. తాబేలు గాల్లో రెక్కలు కొట్టుకుంటోంది. కళ్లెంట నీళ్లు కారుతున్నాయి. అవి దాని ఒంట్లో ఉప్పు పోవడానికి కారే నీళ్లని ఎక్కడో విన్నాడు గానీ, ఆ నిమిషంలో అమరేశ్వరరావుకి అట్లా అనిపించలేదు.

"తియ్యండిరా కాళ్లు! మీరు మనుషులా, గొడ్లా?" అని అరిచాడు. అప్పన్న చేతిలో పటకారు లాక్కుని కొక్కెం తెంపబోయాడు. అప్పన్న కూడా వంగి, తాబేలు తల ఆనించి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కొక్కెం విడదీసి దాన్ని నీళ్లలోకి జారవిడిచారు.

"సరదా అంతా చెడగొట్టావు బావా" అన్నాడు నాగేశ్వరరావు.

ఫొటో దిగినవాడు ఊరుకోలేదు. వీడియో చేసి ఫోన్లో అందరికీ కనబడేట్టు పెట్టాడు. అది ఎన్నో చేతులు మారింది. మర్నాడు పొద్దున టిఫిన్ చేస్తుంటే అటవీశాఖ వాళ్లు హోటల్‌కి వచ్చారు. కింద హాల్లో అందర్నీ కూర్చోమన్నారు. అప్పన్నని అప్పటికే తెచ్చి, ఒక మూల నిలబెట్టారు.

అటవీశాఖ ఆఫీసరమ్మ లోపలికి వచ్చేలోపే రాజీవ్ గుసగుసగా చెప్పేశాడు. "సార్, అందరం ఒకటే మాట. అది నిషేధం జాగా అని మనకు తెలీదు. పడవవాడే తీసుకెళ్లాడు. తాబేల్ని పైకి లాగింది కూడా వాడే. మనం టూరిస్టులం, మనకేం కాదు."

అందరూ తలలూపారు. నాగేశ్వరరావు కూడా.

అమరేశ్వరరావుకి ఒళ్లు మండిపోయింది. "వాడేనా? వద్దు బాబూ అని మొత్తుకున్నవాడేనా?"

"నెమ్మదిగా బావా. వాడికి ఇవన్నీ అలవాటే. మనకి పరువు పోద్ది."

"పరువా? నిన్న తాబేలు పొట్ట మీద కాలుపెట్టినప్పుడు యాడ బోయింది ఈ పరువు?"

ఆఫీసరమ్మ హిందీలో అడిగింది. అమరేశ్వరరావు లేచి నిలబడ్డాడు. ఊళ్లో తన పక్క కొట్టు తౌఫీక్‌తో ఏళ్ల తరబడి మాట్లాడి అబ్బిన ఉర్దూ ఆయనది. అది తడబడినా ఆగలేదు. అప్పన్న వద్దన్నాడనీ, యజమాని ఫోన్లో బెదిరించాడనీ, అటు పొమ్మంది తమ కంపెనీ ఆఫీసరేననీ, గాలం తమవాళ్లదేననీ చెప్పాడు. "బోర్డు నేను చదివాను. చదివి కూడా గట్టిగా అడ్డుపడకుండా కూర్చున్నా. నా పేరు కూడా రాసుకోండి" అన్నాడు.

ఆవిడ అప్పన్న వైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగింది. వాడు అవునన్నట్టు తలూపి, చేతుల్లో మొహం దాచుకున్నాడు.

కేసు పడవ యజమాని మీదా, రాజీవ్ మీదా, నాగేశ్వరరావు మీదా, ఫొటో దిగినవాడి మీదా పడింది. అప్పన్నని సాక్షిగా రాసుకుని పంపేశారు. అమరేశ్వరరావుని మందలించి వదిలారు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ ఆయన పక్కన కూర్చోలేదు. పేటకి వచ్చాక మాట ఇంకోలా పాకింది. "తాబేలు కోసం సొంత బావని పట్టించాడంట" అని టీకొట్ల దగ్గర అనుకున్నారు. నాగేశ్వరరావు ఇంట్లో పెళ్లికి పిలుపు రాలేదు. కంపెనీ సరుకు పంపడం ఆలస్యం చేసింది. ఉష మాత్రం ఒక్కటే అడిగింది: "ఆ పడవబ్బాయికి పని ఉందా, పోయిందా?" ఆ యజమాని దగ్గర పోయిందనీ, ఇంకో పడవలో చేరాడనీ అప్పన్నే ఫోన్ చేసి చెప్పాడు.

మరుసటేడు కంపెనీ తరఫున కొత్త ఆఫీసరు కొట్టుకొచ్చాడు. "ఈసారి లక్షద్వీప్ అన్నా. జరిగిందేదో జరిగిపోయింది, మీరూ రండి."

"వస్తా. పడవెక్కే ముందు అక్కడి రూల్సు మనవాళ్లకి తెలుగులో చదివి చెప్పిస్తారా?"

ఆ కుర్రాడు నవ్వాడు. "ఎవరు వింటారన్నా? వాళ్లు ఎంజాయ్ చెయ్యడానికొస్తారు."

అమరేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. "మందుడబ్బా మీద రాసింది చదవకుండా పైరు మాడగొట్టుకున్న రైతుని మీరు ఏమంటారు? నీదే తప్పురా, చదువుకోలేదా అనరూ? చెమటోడ్చేవాడికొక న్యాయం, విమానమెక్కి పోయేవాడికొక న్యాయమా? అది వాళ్ల సముద్రం. మనం చుట్టాలుగా పోతాం. చుట్టపుచూపుగా పోయిన ఇంట్లో పొయ్యి కూలగొట్టి, ఆ తప్పు ఇంటామె మీదికి నెడతామా? పో, మీ లిస్టులోంచి నా పేరు తీసెయ్."

కుర్రాడు బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. కొట్టు ముందు ఇద్దరు రైతులు అదంతా వింటూ నిలబడ్డారు. వాళ్లలో ఒకడు మెల్లిగా, "ఏంది సంగతి, అన్నా?" అన్నాడు. అమరేశ్వరరావు ఇంకా రొప్పుతూనే, వాళ్లకి బల్ల చూపించి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.