షూటర్‌ను సార్!

అప్పుడు నేను సిరిసిల్లలో తొమ్మిదో తరగతి. నక్సలైట్ల కోసం పోలీసులు బస్సు బస్సూ గాలించే రోజులు. "ఆటలతోని సదువు అస్తదా?" అని సాంచాల మీద బట్ట నేసే మా బాపు గొణుగుతున్నా వినకుండా, వాలీబాల్ పోటీలకు మా బడి ఆడపిల్లల జట్టులో ఒకదాన్నిగా జగిత్యాల బస్సెక్కాను.

కొడిమ్యాల దగ్గర పోలీసులు బస్సు ఆపారు. ఎస్సై నా ఒళ్లో ఉబ్బిన సంచిని లాఠీతో పొడిచి, "ఎవలు నువ్వు?" అని గద్దించాడు. భయంతో జట్టులో నా స్థానమేదో అదే చెప్పేశాను.

"షూటర్‌ను సార్!"

పక్కనున్న స్వరూప నన్ను కాపాడబోయి, "అవ్ సార్. నేను అందిస్త, ఇది ఏసేస్తది!" అంది.

ఇద్దరినీ కిందికి దించారు. వెనక సీట్లో కునుకు తీస్తున్న డ్రిల్లు సారు పరుగెత్తుకొచ్చి, సంచిలోంచి బంతి తీసి చూపించాడు. "బాల్ కొట్టేటోళ్లను మేము షూటరే అంటం సార్!"

"ఏదీ, కొట్టుమను" అన్నాడు ఎస్సై.

స్వరూప లేపింది. ఎగిరి కొట్టాను. బంతి పోయి రోడ్డుకు అడ్డంగా పెట్టిన ఖాళీ తారు డ్రమ్ముకు తగిలి ఢామ్మంది. తుపాకులు పట్టుకున్న పోలీసులంతా నేలమీద బోర్లాపడ్డారు!

ముందుగా లేచిన ఎస్సై ప్యాంటు దులుపుకుంటూ, "ఇంగ్లీషుల దాన్ని స్పైకర్ అంటరు. ఇంకోసారి షూటరన్నవనుకో..." అని వదిలేశాడు.

జగిత్యాలలో మొదటి ఆటకే ఓడి ఇంటికొచ్చాను. బడిలో బట్టీపట్టినదంతా తర్వాత మరిచిపోయాను గానీ, ఎస్సై చెప్పిన మాట మాత్రం ఇప్పటికీ పోలేదు.

"ఏమచ్చిందే నీకు ఆటలతోని?" అన్నాడు ఆ సాయంత్రం బాపు.

"ఇంగ్లీషచ్చింది బాపూ!"