కోతల పట్టిక

ఆ రోజుల్లో నాకొక మూఢనమ్మకం ఉండేది: లెక్కకు అందనిది ఏదీ లేదని. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాడికి ఆ పొగరు కాస్త ఎక్కువే. కొత్తవలసలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే మనిషి మానేస్తే (ఖాళీగా ఉన్నది నేనే కాబట్టి) నన్ను పెట్టుకున్నారు. "టెర్మ్ పరీక్షలో సగం మందైనా పాసైతే ఉంతావు, లేకపోతే లేదు" అన్నారు పెద్ద మాస్టారు. నాకు అంతకుముందు ఉద్యోగం లేదు, తర్వాత దొరికే ఆశా లేదు. ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను. చదవడానికి ఇరవై, రాయడానికి ఇరవై, మాట్లాడడానికి పది. మాటలకు మార్కులు ఎలా వేయాలో తెలియక మూడు రోజులు తిండి సహించలేదు. చివరికి పట్టిక గీశాను: ఇంట్లో జరిగిన సంగతి మూడు నిమిషాలు చెప్పాలి, ఆగిన ప్రతిసారీ అర మార్కు కోత, చెప్పిందే చెప్తే మరో అర. మాటల్లో తప్పితే మొత్తం తప్పినట్టే.

ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై ఒకరు సున్నా కిందికి దిగిపోయారు. వారిలో గొర్లె అనే ఇంటిపేరున్న పిల్ల ఒకతె ఉంది. వాళ్ల నాయనమ్మ మేకకు దుప్పటి కప్పి రైలెక్కించిందట. "టీసీ వొచ్చి ఎవలే అనడిగితే, మా సెల్లెలు బాబూ, జొరమొచ్చిందీ అన్నాది. అప్పుడే మేక అరిసింది. దగ్గుతన్నాది బాబూ అన్నాది." తరగతి పడీపడీ నవ్వింది. మా నవ్వు తగ్గేదాకా ఆ పిల్ల ఆగేది. ఆగిన ప్రతిసారీ నేనూ నవ్వుతూనే ఒక గీత గీశాను. ఇరవై అయిదు గీతలు. మైనస్ రెండున్నర.

పెద్ద మాస్టారు పట్టికలో మైనస్ గుర్తు మీద వేలు పెట్టారు. "ఏటిది? సున్నా కింద కూడా మార్కులుంతాయేటి? సరే, పొద్దున్న ఇంటికాడ్నుంచి ఎలాగొచ్చేవో నువ్వు సెప్పు. వాచీ నేను సూస్తాను."

"పొద్దున్న... అంటే... పొద్దున్నేనండి..."

మూడు నిమిషాలు మూడు యుగాలయ్యాయి. "ముప్ఫై ఒక్క గీతలు. మైనస్ అయిదున్నర. ఆ పిల్ల నీకంటే మూడు మార్కులెక్కువ" అన్నారు. (కూడిక నేను మళ్లీ చేసి చూశాను. సరిగ్గానే ఉంది.) పిల్లలందరినీ పాస్ చేశారు. తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. తర్వాతి టెర్ముకి నా పీరియడ్లు ఇంకొకరికి వెళ్లాయి.

ఇప్పటికీ ఎవరైనా బాగా మాట్లాడుతుంటే నా బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద లెక్క వేస్తూనే ఉంటుంది. ఆ ముప్ఫై ఎనిమిది మందిలో ఎవరికెన్ని వచ్చాయో చాలావరకు మరిచిపోయాను. మేక సంగతి మాత్రం ఆపకుండా మూడు నిమిషాలు చెప్పగలను, మధ్యలో నేనే నవ్వకుండా ఉంటే.