మూడు వందల చుక్కలు

మొన్న మా మనవరాలు నా ఫోన్లో ఎవరిదో ముఖాన్ని రెండు వేళ్ళతో సాగదీస్తూ పోతే, చివరికి అది గళ్ళు గళ్ళుగా విడిపోయింది. "నానమ్మా, ఫొటో ఖరాబైంది" అంది. ఖరాబు కాలేదే, అందులో ఉన్నదే అంత అన్నాను. ఆ ముక్క నాకు నేర్పింది మా యారాలు. తోడికోడలిని మా వైపు అలాగే అంటాం.

కృష్ణానగర్ సందులో మాకో ఫొటో స్టూడియో ఉండేది. సినిమా వేషాల కోసం తిరిగేవాళ్ళు ఆల్బమ్‌లు చేయించుకునేది మా దగ్గరే. టచింగ్ పని నాది. సన్న కుంచె కొసను నాలుకతో తడిపి, ప్రింటు మీద మొటిమలూ, కళ్ళ కింద నలుపూ మాయం చేసేదాన్ని. అమీర్‌పేట నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేచిన రోజుల్లో మరిది పెళ్ళయింది. ఆ పిల్ల వస్తూనే డిజిటల్ కెమెరా, కంప్యూటరు, ఇంక్‌జెట్ ప్రింటరు పెట్టించింది. నేను పూటంతా వంగి కూర్చుని చేసే పని, తను టీ చల్లారేలోపు ముగించేది. మా అత్తగారు కూడా స్టూలు లాక్కుని ఆమె పక్కకే చేరింది. యారాలు వండిన పప్పులో ఉప్పు సరిగ్గా ఉన్నా ఎక్కువైందనేదాన్ని.

ఒకరోజు యారాలు అమీర్‌పేటకు పోయినప్పుడు ఒకావిడ వచ్చింది. గోదావరి వైపు మనిషి, ఏళ్ళ తరబడి గుంపులో నిలబడే వేషాలే వేస్తోంది. "ఫిల్మ్‌నగర్ ఆఫీసులో అమ్మ వేషం ఉందంటండీ, డైలాగు కూడానంట! రెండింటికల్లా పెద్ద ఫొటో ఇవ్వాలండీ" అంది ఊపిరి తీసుకోకుండా. యారాలు వచ్చేదాకా ఆగమంటే సరిపోయేది. అనలేదు. అంతకుముందు మా దగ్గర తీయించుకున్న ఆవిడ ఫొటోను కంప్యూటర్లో వెతికి తెరిచాను. రిజల్యూషన్ గడిలో డెబ్బై రెండు అని ఉంది. ప్రింటుకు మూడు వందలుండాలని యారాలు మరిదికి చెబుతుంటే చాటుగా విన్నదాన్నే కదా, డెబ్బై రెండు చెరిపి మూడు వందలు కొట్టాను. ఇంతేనా దీని విద్య అనుకుంటూ పేజీ నిండా ప్రింటు తీశాను.

ముఖమంతా మసక, అంచులు మెట్లు మెట్లు. చేతి అలవాటు ఊరుకుంటుందా? కుంచె నాలుకతో తడిపి కంటి దగ్గర ఆనించాను. ఇంకు కరిగి నల్లగా చెంప మీదికి జారింది. ఆవిడ కొంగుతో తన చెంపే తుడుచుకుంది.

ఒంటిగంటన్నరకు యారాలు వచ్చి చూసింది. "అక్కా, గిది మెయిల్‌ల పంపనీకి చిన్నగ చేసింది. దీంట్ల అడ్డం ఆరు వందల చుక్కలే ఉన్నయ్. అంగుళానికి మూడు వందలైతే రెండంగుళాలకే అయిపోతయ్. అంకె మారిస్తే కొత్త చుక్కలు పుడ్తయా?" అంటూనే అసలు పెద్ద ఫొటో తెరిచి ప్రింటు తీసింది. అందులో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఆవిడ దాన్ని గుండెకు పొదువుకుని ఆటో ఎక్కింది.

వేషం వచ్చింది. మిఠాయి డబ్బాతో వచ్చిన ఆవిడ ముందే అత్తగారు అడిగింది, "ఆ ప్రింటు ఎవరు తీసిండ్రు?" అని. "అక్కనే" అంది యారాలు, తలెత్తకుండా. ఆవిడ మా ఇద్దరినీ చూసి, మిఠాయి డబ్బా నా చేతిలో పెట్టింది. యారాలు నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసినా ఓర్చుకునేదాన్నేమో. ఆ మంచితనానికి మాత్రం ఇంకా ఎక్కువ కుళ్ళుకున్నాను.

ఆ సందు, అత్తగారి ముఖం, మిఠాయి రుచి, అన్నింటినీ కాలం చిన్నవి చేసి దాచింది, సాగదీస్తే మసకే. ఆ రోజు పడ్డ కుళ్ళు ఒక్కటే అసలు సైజులో మిగిలింది. ఎంత పెద్దది చేసి చూసుకున్నా, ఒక్క చుక్క చెదరదు.