లొంగిపొమ్మనే గిడియన్ అన్న

గిడియన్ అన్నకు ఒకటే అలవాటు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా పూర్తిగా వినేవాడు, తల పంకించేవాడు, "లొంగిపో" అనేవాడు.

ఆయనది నర్సాపురం. ఆస్ట్రేలియాలో, క్యాన్‌బెర్రాలోని గంగాలిన్ అనే పేటలో మేము అద్దెకున్న ఇంట్లో ముందు గది ఆయనది. పక్క గది నర్సింగ్ చదివే షీనాది, చివరిది నాది. ఆయన పీహెచ్‌డీ అంతా రెండో ప్రపంచ యుద్ధంలో క్రీట్ దీవికి జర్మన్లు తెచ్చిన ట్యాంకుల మీద. ముందు పారాచూట్ల సైనికులు దిగారట. ట్యాంకులు చివర్లో, అవీ కొన్నే, సముద్రం మీద వచ్చాయట. ఒకచోట విమానాశ్రయాన్ని కాపాడుతున్న ఆస్ట్రేలియా దళం అప్పటిదాకా నిలబడింది. తిండీ తూటాలూ అయిపోతున్న వేళ ట్యాంకులు ఎదురొచ్చేసరికి వాళ్ల కమాండర్ లొంగిపోయాడు.

"అది ఓటమి కాదమ్మాయ్, తెలివి," అనేవాడు అన్న. ఈ ముక్క రాయడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. చాప్టర్ ఎంతవరకు వచ్చిందని ఎప్పుడడిగినా, "ట్యాంకులింకా ఓడ దిగలేదు," అనేవాడు దిగులుగా.

షీనా సాంబారు మాడిస్తే గిన్నెలోకి తొంగిచూసి, "లొంగిపో. పిజ్జా తెప్పిద్దాం," అన్నాడు. ఇంటి కప్పులో పోసమ్ అనే చెట్లెక్కే జంతువు దూరి రాత్రంతా గోకుతుంటే, "దానికి ఆ కప్పు రాసిచ్చేద్దాం," అన్నాడు.

"నీకు పౌరుషం లేదా అన్నయ్యా?" అంది షీనా.

"ఉంది. ఎలుక లాంటి దాని మీద ఖర్చుపెట్టను."

ఆ చలికాలం నేను రెండు సబ్జెక్టులు తప్పాను. కరీంనగర్‌లో నాన్నకు అన్నీ పాసయ్యానని చెప్పాను. ఆయన చుట్టాలందరికీ చెప్పాడు. ఆ తర్వాత క్లాసుకు వెళ్లడం మానేశాను. పొద్దున్నే బ్యాగు వేసుకుని బయల్దేరి, ట్రామ్‌లో సిటీకి, సిటీ నుంచి మళ్లీ గంగాలిన్‌కి తిరిగేదాన్ని. ఎక్కడా దిగాలనిపించేది కాదు. ఒక్కోసారి అసలు బతకాలనే అనిపించేది కాదు.

ఒకరోజు గిడియన్ అన్న వచ్చి ఎదురు సీట్లో కూర్చున్నాడు.

"వైశాలీ, నిన్న కూడా ఇదే ట్రామ్‌లో చూశాను. దిగలేదు నువ్వు."

నేను బ్యాగు ఒళ్లోకి లాక్కున్నాను. ఆయనే అన్నాడు: "ఆ కమాండర్ లొంగిపోయాడు కదా. ఆయన కుర్రాళ్లు చాలామంది యుద్ధమయ్యాక ఇళ్లకు చేరారు. నాకు ఆ సంగతే ముఖ్యం."

అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పేశాను. "నేనెవరికి లొంగాలె అన్నా?"

"ముందు యూనివర్సిటీలో ఒకామెకి. పద."

యూనిలో కౌన్సెలింగ్ ఆఫీసు తలుపు తీయగానే కౌంటర్ దగ్గరున్న ఆమె నవ్వింది. "హాయ్ గిడియన్. ఈసారి ఎవరిని తీసుకొచ్చావు?"

ఆయన సిగ్గుపడి నేల చూశాడు. ఓడలోనే ఉండిపోయిన ట్యాంకుల సంగతి నాకప్పుడు తెలిసింది. రాసుకోవాల్సిన పూటలన్నీ ఆయన ఇక్కడ, ఎవరో ఒకరి పక్కన, కుర్చీలో గడిపాడు.

"మొదటిసారి నా కోసమే వచ్చాను," అన్నాడు మెల్లగా. "తోడెవరూ లేక బయటే చాలాసేపు నిలబడిపోయాను. చలికి చచ్చాననుకో."

కౌన్సెలర్‌తో మాట్లాడి బయటికొచ్చాక నాన్నకు ఫోన్ చేశాను. అన్న దూరంగా వెళ్లి, అటు తిరిగి, చెట్లు చూస్తూ నిలబడ్డాడు.

విషయం చెప్పాను. నాన్న గొంతు తగ్గించి, "నేను గూడ ఇంటర్ రెండుసార్లు తప్పిన బిడ్డా. మీ అమ్మకు తెల్వదు, చెప్పకు," అన్నాడు.

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఫోన్ స్పీకర్‌ల ఉన్నది."

ఎన్ని నెలల తర్వాతో పెద్దగా నవ్వాను. ఆ నవ్వు విన్నాకే గిడియన్ అన్న ఇటు తిరిగాడు.