మా మరిది కట్టిన వంపు స్టేషను

మా మరిదిని తెలిసినవాళ్ళందరూ మిల్లీమీటరు అంటారు. వెనకాల అంటారు. ఎదురుగా అనేది నేనొక్కదాన్నే. రైల్వే ఇంజనీర్ల ఆఫీసులో ముప్ఫై ఆరేళ్ళు కూర్చుని స్టేషన్లకీ, గోదాములకీ, సిగ్నల్ గదులకీ ప్లాన్లు గీశాడు. వాటిలో ఎన్ని కట్టారో, ఎన్ని బీరువాల్లో చెదలు తిన్నాయో అతనికే తెలియదు. ఒక్క గోడయినా తన చేత్తో లేపలేదన్న దుగ్ధ మాత్రం ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకయ్యా అంటే, "నీలాంటిది ఇంకొకత్తి వస్తే ఇల్లు నిలవదు వదినా" అంటాడు.

రిటైరైన మరుసటి నెలే రైలు నమూనాల క్లబ్బులో చేరాడు. గ్రంథాలయం కింద పొడుగాటి హాలు. అందులో నడుమెత్తు బల్లల మీద పట్టాలు, కొండలు, వంతెనలు, గుప్పిట్లో ఇమిడే ఇంజన్లు. చూసినవాళ్ళు బొమ్మలంటారు. మా మరిది దగ్గర ఆ మాటంటే ఆ పూట అన్నం తినడు. బయట ఎనభై ఏడు అడుగులుంటే అక్కడ ఒక్క అడుగు. ఏడడుగుల తలుపు నా చూపుడువేలి చివరి కణుపంత. కిటికీ కమ్మీ సూదంత. ఇటుకల్ని ఒక్కొక్కటే మొండి సూదితో అట్ట మీద నొక్కుతాడు. పెంకులు కాగితం ముక్కలు. గోడకి పాతదనం రావాలంటే టీ డికాషన్ పూస్తాడు. వంటింట్లో డికాషన్ మాయమైందంటే ఎక్కడో ఒక గోడకి వయసొచ్చిందన్నమాట.

ఆ క్లబ్బులో ముఖ్యమైన నియమాలు రెండు. ఎవరి కట్టడం వాళ్ళ చేత్తోనే చెయ్యాలి. బల్లకి అతికించే ముందు, అందరి ఎదుటా, ఉన్నవాటిలోకెల్లా పొడుగైన బోగీని దాని పక్కనుంచి నడపాలి. ఒక్కచోట తగిలినా ఆ కట్టడాన్ని తీసేసి, జాగా ఇంకొకరికి ఇచ్చేస్తారు. రెండోసారి అంటూ లేదు.

పెద్ద బల్ల నడిమధ్య, పట్టాలు వంపు తిరిగే చోట, మా మరిదికి స్టేషను ఇచ్చారు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట తను గీస్తే పైవాళ్ళు బీరువాలో పడేసిన స్టేషనే అది. పధ్నాలుగు నెలలు పట్టింది. అది ఆ బల్ల మీద నిలబడితే అతని బతుకులో ఒక్క కట్టడం నిలబడినట్టు. లేకపోతే అదీ లేదు.

ఇక్కడే నేనొక సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట అతని చేతులు వణకడం మొదలైంది. మా ఇంటి కిందిగదిలో ఒకరోజు పొద్దున కిటికీ చట్రం కోస్తుంటే బ్లేడు జారి గోడంతా అడ్డంగా చీరేసింది. తల వంచుకుని కూర్చున్నాడు. నేను యాభై ఏళ్ళు బట్టలు కుట్టినదాన్ని. మూడో తరగతి దాటలేదు గానీ నా చేతిలో కత్తెర వంకర పోయిందని అన్నవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు. "ఇలా తే" అని బ్లేడు లాక్కున్నాను. అప్పటినుంచి కొలతలు, లెక్కలు, రంగులు అతనివి. కోత నాది.

"క్లబ్బులో తెలియకూడదు వదినా."

"నాకేం పని, చాటింపు వెయ్యడానికి?"

క్లబ్బుకి వెళ్ళినప్పుడు మాత్రం చేతులు జేబుల్లోంచి తీసేవాడు కాదు. పెద్దరికం చూపిస్తున్నాడనుకునేవారు.

పరీక్ష రోజు పొద్దున పదకొండింటికి హాల్లో పాతికమంది దాకా ఉన్నారు. కార్యదర్శి పళ్ళ డాక్టరు. మాట్లాడుతూనే ఎదుటివాడి నోట్లోకి చూస్తాడు. అతని పక్కన అచ్చులమ్మాయి. అమ్మాయి అంటే నలభై దాటినావిడే. కంప్యూటర్లో తనే గీసి, మెషీన్లో ముక్కలు అచ్చు తీసి, తన చేత్తో కట్టడాలు అతుకుతుంది కాబట్టి ఆ పేరు పడింది. ఆవిడ కాళ్ళ దగ్గర ఒక అట్టపెట్టె. అందులో ఇంకో స్టేషను తయారుగా ఉంది. మాది తగిలితే అది ఎక్కుతుంది.

మా స్టేషనుని బల్ల మీద పెట్టి నాలుగు మేకులతో తాత్కాలికంగా బిగించారు. చుట్టూ చేరినవాళ్ళు కిటికీల్లోకి వంగి చూస్తున్నారు. టిక్కెట్ల గదిలో గడియారం, బెంచీ మీద మరిచిపోయిన గొడుగు చూసి ఒకాయన "అబ్బ" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. ఆ గొడుగు కర్ర నేను కోసిందే.

అప్పుడు డాక్టరు ఒక పొడుగు డబ్బా తెరిచి బోగీ తీశాడు. అంత పొడుగు బోగీ నేను చూడలేదు. ఇంట్లో మేం నడిపి చూసింది పొట్టి బోగీ. నడిమి తలుపు కింద దానికి మెట్టు కూడా ఉంది.

"వంపులో పొడుగు బోగీ నడుము లోపలికి తోసుకొస్తుంది సార్," అన్నాడు డాక్టరు. "మీ ప్లాట్‌ఫారం ఉన్నది లోపలి వైపే. చూసుకున్నారు కదా?"

"ఇదే బోగీకి లెక్క కట్టాను," అన్నాడు మా మరిది. "మెట్టుకీ ప్లాట్‌ఫారం అంచుకీ మధ్య సగం మిల్లీమీటరు మిగులుతుంది. సరిగ్గా గీత మీద కోశాను."

నేను ప్లాట్‌ఫారం అంచుకేసి చూశాను.

గీత మీదా? నేను ఏనాడు గీత మీద కోశాను? యాభై ఏళ్ళుగా నా కత్తెర సుద్దగీతకి బయటే నడిచింది. కుట్టుకి అంచు వదలకపోతే చొక్కా బిగుతై ఊపిరాడదు. బట్టకి కోసినట్టే అట్టకీ కోశాను. గోడలకి ఎక్కువైన అట్టని మూలల దగ్గర అతను అరగదీసుకున్నాడు. నా పనితనం అలాగే అనుకున్నాడేమో. ప్లాట్‌ఫారానికి మూలలు లేవు. వంపు పొడుగునా బియ్యపుగింజలో సగమంత ఎక్కువ అలాగే ఉండిపోయింది. దాని మీద బూడిదరంగు పూసి మురిసిపోయాం ఇద్దరం.

ఇప్పుడేం చెయ్యాలి? నోరు విప్పితే అతని చేతుల సంగతి బయటపడుతుంది. విప్పకపోతే స్టేషను పోతుంది.

"ముందు అందరూ కాస్త టీ తాగితే..." అన్నాను.

"అయ్యాక తాగుదాం అమ్మా," అన్నాడు డాక్టరు. బోగీని పట్టాల మీద పెట్టి, వెనక వేలు ఆనించాడు.

"దీపాలు సరిగ్గా లేవేమో."

"వదినా, కూర్చో," అన్నాడు మా మరిది. అతని ముఖంలో బెరుకు లేదు. లెక్క తప్పలేదని తెలుసు. అదే నన్ను కోసేసింది.

బోగీ కదిలింది. సొరంగం దాటింది. వంతెన దాటింది. వంపు మొదలయ్యే చోటికి వచ్చేసరికి దాని నడుము మెల్లిగా లోపలికి ఒరిగింది. ప్లాట్‌ఫారం మొన ఇంకా జానెడు. బెత్తెడు. రెండు వేళ్ళు.

వెళ్ళి పట్టాల మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

"ఆపండి. తగులుతుంది."

డాక్టరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "మీకెలా తెలుసమ్మా?"

"కోసింది నేను కాబట్టి. లెక్క అతనిది సరైనదే. నేను బట్ట కోసినట్టు గీత బయట కోశాను."

అచ్చులమ్మాయే ముందు మాట్లాడింది. "అంటే ఇది సార్ చేసింది కాదా?"

మా మరిది నావైపు చూడలేదు. చేతులు జేబుల్లోంచి తీసి బల్ల అంచున పెట్టాడు. అవి వణుకుతుంటే బల్ల మీద చిన్న సిగ్నల్ స్తంభం కూడా వణికింది.

"వీటితో ఏం కోస్తానమ్మా," అన్నాడు.

వెనకనుంచి ఒకాయన నియమం, నియమం అని గొణిగాడు. "నియమం నాకూ తెలుసు," అని నేను అందుకున్నాను. "బోగీ ఇంకా తగల్లేదు. తగలకుండా తీసేస్తారా? అదెక్కడి నియమం, చదివి వినిపించండి."

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. చివరికి గోడ గడియారం చూసి, "పావుగంట," అన్నాడు. "సరిచేస్తే ఇదే బోగీ నడుపుతాను. ఎవరు చేశారన్నది తరవాత మాట్లాడదాం."

పావుగంటలో గజం పొడుగు వంపు సరిచెయ్యాలి. రంగు కింద పాత గీత కనబడదు. ఇంట్లో అతను వారం పట్టి గీసిన గీత ఆ వణికే చేతులతో పావుగంటలో పడదు. నాకు వంపులు గియ్యడం చొక్కా చంకల వరకే వచ్చు. నేను బ్లేడు పట్టుకుని నిలబడిపోయాను.

మా మరిది కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ఆలోచించాడు.

"డాక్టరు గారూ, ఆ మెట్టు ఊడదీయండి. మెట్టు అంచు ఉన్న చోటే పెన్సిల్ మొన కిందికి ఉండేలా బోగీ నడుముకి టేపు వెయ్యండి. గీత బోగీయే గీసుకుంటుంది."

టేపు వేసింది అచ్చులమ్మాయి. ఒంగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, రెండుసార్లు ఊడదీసి మళ్ళీ వేసింది. తన పెట్టె సంగతే మర్చిపోయినట్టుంది. బోగీని తోస్తే ప్లాట్‌ఫారం మీద సన్నటి నల్లగీత పడింది. అంచు నుంచి వెంట్రుకంత లోపల కొన్నిచోట్ల, గోరంత లోపల నడిమధ్య.

బ్లేడు ఆనించాను. అతను నా భుజం వెనక నిలబడ్డాడు.

"గీత మిగలకూడదు వదినా. గీత కూడా పోవాలి."

"వింటున్నాను."

"బయటికి పోతోంది చెయ్యి."

"యాభై ఏళ్ళ అలవాటయ్యా, నువ్వు నోరు మూసుకుంటే లోపలికి వస్తుంది."

ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. కోస్తున్నంతసేపూ నా చేతిని నేనే లోపలికి ఈడ్చుకొచ్చాను, మొండి దూడని ఈడ్చినట్టు. నడిమధ్యకి వచ్చేసరికి చెమట కంట్లో పడింది. తుడుచుకోలేదు. అట్టలోంచి సన్నటి రిబ్బను ఊడి కింద పడింది, దాని మీద నల్లగీతతో సహా. అంచుని గరుకు కాగితంతో రెండుసార్లు రుద్దాను. డాక్టరు "పావుగంట అయిపోయింది" అన్నాడు.

పెన్సిల్ తీసి, మెట్టు తగిలించి, బోగీని మళ్ళీ మొదట్నుంచి తోశాడు. సొరంగం. వంతెన. వంపు. నడుము ఒరిగింది. మెట్టు ప్లాట్‌ఫారం మొనకి చేరింది. డాక్టరు ఒంగి, రెంటి మధ్యా ఒక కాగితం ముక్క దూర్చి, బోగీతోపాటు జరుపుకుంటూ వెళ్ళాడు. కాగితం ఒక్కచోట పట్టినట్టయి ఆగింది. కాగితం జారింది. బోగీ అవతలి కొసన బయటికొచ్చింది.

"తగల్లేదు," అన్నాడు.

చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు, కొట్టనివాళ్ళు కొట్టలేదు. డాక్టరు రిజిస్టరు తెరిచి, కట్టినవారు అన్న చోట కలం పెట్టి తలెత్తాడు.

"కొలత నాది, కోత మా వదినది," అన్నాడు మా మరిది. "ఇద్దరి పేర్లూ రాయండి. అలా రాయకూడదంటే ఇద్దర్నీ వదిలేసి స్టేషను ఉంచండి."

డాక్టరు ఇద్దరి పేర్లూ రాశాడు. అడిగి మరీ నా ఇంటిపేరు కూడా రాశాడు. కానీ క్లబ్బులో కట్టడాలు దాచే బీరువా తాళంచెవి తన చేత్తో పనిచేసేవారి దగ్గరే ఉండాలని ఇంకో నియమం ఉందట. ఎవరూ అడగకముందే మా మరిది దాన్ని తీసి అచ్చులమ్మాయి చేతిలో పెట్టాడు. పదకొండేళ్ళు అతని దగ్గరున్న తాళంచెవి. ఆవిడ వద్దు వద్దంటూనే పుచ్చుకుంది.

స్టేషను కింద జిగురు పూసి బల్లకి అతికించారు. ఇప్పుడు ఎవరు లాగినా రాదు.

నేనా రోజు నోరు విప్పడం మంచిదైందో కాదో అతను ఇంతవరకు అనలేదు. నేనూ అడగను. అడిగితే ఏదో ఒకటి అంటాడు, అది విని నేనూరుకోను.