తాజ్‌బీ వాన లెక్క

ఆత్మకూరు పక్కన మా ఊళ్లో తాజ్‌బీని పిల్లలు "వానల అత్త" అనేవాళ్లు. 2004లో వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు వాన కొలిచే డబ్బా పెట్టడానికి ఊరంతా తిరిగి, చెట్టు నీడ పడని వాకిలి ఆమెదేనని తేల్చారు. పైగా ఏడో తరగతి దాకా చదివింది. రోజూ పొద్దున డబ్బాలోని నీళ్లు గీతలున్న గాజు గ్లాసులో పోసి చూసి, లెక్క రాసి, కేంద్రంలో ఉండే సరిత మేడంకు ఫోన్ చేయాలి. ఎదురిల్లే కాబట్టి ఈ సంగతంతా నాకు తెలుసు. కొంత ఆమె చెప్పింది, కొంత గోడ మీంచి నేను విన్నది.

వానలన్నీ కలిపి అరవై మిల్లీమీటర్లు దాటేదాకా ఆముదం విత్తొద్దని మేడం మాట. రెండేండ్లుగా తొందరపడి విత్తి, గింజలు దుమ్ములోనే మాడిపోగా చూసిన ఊరు మాది. ఆ ఏడు ఎండు తెగులు తట్టుకునే కొత్త విత్తనం ఇంటికో సంచి ఇచ్చారు. పోతే మళ్లీ దొరకదు.

జూన్ చివర్లో ఒకనాడు తాజ్‌బీ, జ్వరమొచ్చిన బిడ్డ ఆఫియాను తీసుకొని కొత్తకోట దవాఖానకు పోయి చీకటిపడ్డాక వచ్చింది. తెల్లారేలోపు వాన పడింది. రేకుల ఇల్లు. నాలుగు చినుకులకే గులకరాళ్లు కురిసినట్టు మోగుతది, చప్పుడును బట్టి ఎంత పడిందో తెల్వదు. పొద్దున కొలిస్తే నలభై రెండు. అంతకుముందువి ఇరవై నాలుగు. మొత్తం అరవై ఆరు. ఎస్టీడీ బూత్‌కు ఉరికింది. మేడం విత్తుకోవచ్చంది. పంచాయతీ మైకులో ఆ మాట రెండుసార్లు మోగింది.

పదకొండింటికి తిమ్మమ్మ ముసలవ్వ వచ్చి అరుగు మీద కూలబడింది.

"చూసినవా బిడ్డా, మా కప్పతల్లి మహిమ. నిన్న రోకలికి కప్పను కట్టుకొని ఇల్లిల్లు తిరిగినం. మీ ఇంటికి గూడ వచ్చినం. నువ్వు లేవాయె. వాన డబ్బా ముంగట ఊకె ఎట్ల పోతం? దాంట్ల ఇన్ని నీళ్లు పోసి మొక్కినం."

తాజ్‌బీ దగ్గరికొచ్చి కూర్చుంది. "ఎన్ని పోసిన్రు అవ్వా?"

"చెంబెడు. నిండు చెంబే. దేవుని కాడ పిసినారితనమేంది?"

అవ్వ పోయాక అలాంటి చెంబుతోనే నీళ్లు తెచ్చి గాజు గ్లాసులో కొలిచింది. తొందరలో సగం చీర మీద పడ్డాయి. మళ్లీ కొలిచింది. ముప్పై ఆరు. అంటే రాత్రి పడ్డది ఆరే. ఊరంతా ఇప్పుడు దుమ్ములో విత్తుతున్నది, తన లెక్క నమ్మి.

మైకు దగ్గరికి పోతే కరెంటు లేదు. ఇక తానే చేలకు పోయి చెప్పాలె. కప్పతల్లికి మొక్కిన నీళ్లు కొంప ముంచినయని, అదీ సాయెబుల ఇంటి ఆడది, నలుగురిలో ఏ నోటితో అంటది? చెప్పకుంటే సంచులన్నీ పోతయ్. చెప్పుల్లేకుండానే ఉరికింది, గాజు గ్లాసు చేతిలోనే ఉందని కూడా తెల్వకుండా.

మొదటి చెలకలో వెంకటన్న నాగలి కట్టి సంచి మూతి విప్పుతున్నాడు.

"అన్నా, ఆపు. నా లెక్క తప్పింది."

"మైకుల చెప్పినంక తప్పుతదా? గ్లాసు తెచ్చినవు, నా చెలక గూడ కొలుస్తవా ఏంది?"

"జానెడు తవ్వి చూడు. కిందికి తడి లేకుంటే విత్తొద్దని మేడం చెప్పలేదా?"

వెంకటన్న పలుగు వేశాడు. పైన నాలుగు వేళ్ల మందం తడి. దాని కింద ఊదితే లేచిపోయే దుమ్ము. సంచి మూతి మళ్లీ కట్టాడు.

"ఎట్ల తప్పింది?"

"డబ్బల ఎవరో నీళ్లు పోసిన్రు. ఎవరని అడగకు. నేను ఇంట్ల లేకపోతి."

ఆయన సైకిలెక్కి తూర్పు చేలకు పోయాడు. తాజ్‌బీ పడమటి వైపు తిరగబోయి ఆగిపోయింది. ఊరికంటే ముందు లెక్క తెలిసింది తన మొగుడు బాబాకే. పొద్దున్నే సంచి ఎత్తుకొని పోయాడు.

పడమటి చేలల్లో అందరికీ చెప్పుకుంటూ తమ చేనుకు పోయేసరికి బాబా సగం విత్తి, గట్టు మీద కూర్చొని రొట్టె తింటున్నాడు. విషయం విని రొట్టె పక్కన పెట్టాడు.

"నువ్వులైతే పోయేటివి. ఆముదం గింజ కనపడతది. ఏరుదాం పా. రేపటికి తడి పీల్చి ఉబ్బుతయ్."

ఇద్దరూ మోకాళ్ల మీద సాళ్లు తవ్వుతూ పోయారు. మధ్యాహ్నానికి గట్టు మీద చీరల కొంగులు కనిపించాయి. తిమ్మమ్మ, ఆమె వెనక నిన్న కప్పను మోసిన ఆడోళ్లంతా. కొడతరేమో అనుకుంది తాజ్‌బీ.

"ఎవరో పోసిన్రని వెంకటన్నకు చెప్పినవంట. మా పేరెందుకు చెప్పలే?" అంది తిమ్మమ్మ.

"మొక్కుకుంటిరి అవ్వా. తప్పేముంది?"

"తప్పు లేకుంటే ఈ ఎండల మేమెందుకొస్తిమి? జర జరుగు."

కండ్లు సరిగా కానరాని అవ్వ, వేళ్లతో తడుముతూ అందరికంటే ఎక్కువ ఏరింది. వెంకటన్న ఫోన్ చేస్తే, నాలుగింటి బస్సు దిగి సరిత మేడం నేరుగా చేనుకే వచ్చింది. డబ్బా పీక్కుపోతదేమోనని తాజ్‌బీ లేచి నిలబడి ఏదో చెప్పబోయింది. మేడం చీర కుచ్చిళ్లు దోపుకుంటూ "లెక్క రేపు దిద్దుకుందాం. ఏ సాలు మిగిలింది?" అనడిగింది.

పొద్దు గూకేసరికి సంచి ముప్పాతిక నిండింది. ఇంట్లో తాజ్‌బీ సంచి విప్పి, గింజలు ఉబ్బినయేమోనని వేళ్ల మధ్య నలిపి చూసింది. కట్టింది. బువ్వ తిని మళ్లీ విప్పింది.

"ఇంక చాలు," అన్నాడు బాబా. "నీ భయం గింజలకు గూడ అంటుతది."