అద్దె రోగి

వైద్య విశ్వవిద్యాలయంలో చివరి ఏడాది పిల్లలందరూ ఆమెను కడుపునొప్పి ఆంటీ అనే పిలుస్తారు. నిజానికి ఆమెది రాళ్లు తిన్నా అరిగించుకునే కడుపు. బస్టాండులో టికెట్ల కిటికీ వెనక ఉద్యోగం చేసి రిటైరైంది. ఎవరెంత అరిచినా చలించని ముఖం అక్కడే అలవడింది. అది ఇక్కడ అక్కరకొచ్చింది.

ఇక్కడ ఆమె పని జబ్బుమనిషిలా నటించడం. పిల్లలు ఎంత చదివారో రాతపరీక్ష చెబుతుంది కానీ, ఆ చదువు రోగి ఎదుట కూర్చున్నప్పుడు ఏమవుతుందో చెప్పదు. అది కొలవడానికి విశ్వవిద్యాలయం అద్దె రోగుల్ని పెట్టుకుంది. వాళ్లకు ముందే ఒక కథ ఇస్తారు. విద్యార్థి సరైన ప్రశ్న అడిగితేనే జవాబు చెప్పాలి, అడగనిది చచ్చినా చెప్పకూడదు. అద్దానికి అవతల ప్రొఫెసరమ్మ కూర్చుని ప్రశ్న ప్రశ్నకూ మార్కు వేస్తుంది. ఇలా లేని రోగాలు చెప్పుకుంటూ పోతే ఉన్న ఆరోగ్యం అలిగి వెళ్లిపోతుందని ఇంట్లో తోటికోడలు ఆటపట్టిస్తుండేది.

ఆంటీకి మాత్రం ఆ పనంటే ప్రాణం. భర్త పోయాక ఇల్లు మింగేసేలా అనిపించిన రోజుల్లో ఈ పిల్లలే ఆమెను మళ్లీ మనుషుల్లో పడేశారు. ఫలితాలు వచ్చాక అద్దె రోగి విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తనకేమనిపించిందో చెప్పడం అక్కడి పద్ధతి. నేను నొప్పి అంటుంటే నువ్వు గడియారం చూశావు నాయనా అని ఆమె మెత్తగా వాత పెడితే, ఎంత గడుసువాడైనా తల దించుకోవాల్సిందే.

ఆ ఏడు కథ మార్చారు. కడుపునొప్పి పాతదే, మనిషి మాత్రం భర్తను పోగొట్టుకున్నావిడ. అదేం పెద్ద పని, నటించక్కర్లేదుగా అని ఆంటీ నవ్వుతూనే ఒప్పుకుంది.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఒక మెతక పిల్ల వచ్చింది. ఆచితూచి గానీ నోరు విప్పదు. గడువులోగా ప్రశ్నలు పూర్తి చేయలేక అంతకుముందు ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే ఏడాదంతా మళ్లీ చదవాలి. ఆ సంగతి తెలిసినా ఏమీ తెలియనట్టే ఆంటీ పొట్ట పట్టుకుని కూర్చుంది.

నొప్పి ఎప్పటి నుంచని ఆ పిల్ల అడిగింది. మా ఆయన పోయినప్పటి నుంచి అని, కథలో ఉన్న మాటే ఆంటీ చెప్పింది. పొద్దున్నుంచి వచ్చినవాళ్లంతా ఆ మాటకు ఒక అయ్యో అనేసి, నొప్పి తిన్నాక వస్తుందా తినకముందా అంటూ ముందుకు దూకారు. ఈ పిల్ల దూకలేదు. కలం బల్ల మీద పెట్టి, ఆంటీ ముఖంలోకి చూస్తూ ఊరుకుంది.

ఆ ఊరుకోవడమే కొంప ముంచింది. కథలో లేని మాట ఆంటీ నోట్లోంచి వచ్చేసింది.

“ఆ పొద్దున గుండెల్లో మంటగా ఉందన్నారమ్మా. గ్యాసయ్యుంటుంది, కాసేపు పడుకోండి అని చెప్పి నేను డ్యూటీకి వెళ్లిపోయాను.”

ఆ మాట ఆమె అప్పటిదాకా ఒక్కరికీ చెప్పలేదు.

“ఇది పరీక్షలోది కాదు కదా ఆంటీ?” అంది ఆ పిల్ల మెల్లగా.

కాదని ఆంటీ తల ఊపింది. ఆ పిల్ల కలం వంక ఒకసారి చూసింది. అప్పుడైనా తీసుకుని నాలుగు ప్రశ్నలు అడిగితే గట్టెక్కేది. తీసుకోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గంట కొట్టేదాకా వింది. వెళ్లబోతూ, ఇంట్లో ఎవరికైనా ఈ మాట చెప్పుకోండి ఆంటీ అని మాత్రం అంది.

తన ఏడుపుతో పరాయి పిల్ల ఏడాదిని ముంచాననుకుంది ఆంటీ. తిన్నగా ప్రొఫెసరమ్మ దగ్గరికి వెళ్లింది. తప్పు తనదేనని, కావాలంటే తనను మాన్పించమని, ఆ పిల్ల జోలికి మాత్రం పోవద్దని బతిమాలింది.

“కథ తప్పింది కాబట్టి ఈ పరీక్ష లెక్కలోకి రాదు,” అంది ప్రొఫెసరమ్మ. “ఇంకో రోగితో మళ్లీ పెడతాం. ఇందాక ఆ అమ్మాయి చేసిన పనికి మార్కు వేద్దామంటే నా దగ్గర ఏ కొలతా లేదమ్మా. ఒకటి తయారు చేసుకోవాలి. అందాకా తను మామూలుగానే నెగ్గుకు రావాలి.”

మళ్లీ పరీక్ష పెట్టిన రోజు ఆంటీకి అక్కడ పనేం లేదు. అయినా వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. లోపల తలనొప్పి నటిస్తున్నది ఒక దర్జీ. తలుపు వెనక ఆ పిల్ల గొంతు ఆగినప్పుడల్లా, అడుగమ్మా అడుగు అని ఆంటీ లోలోపల మొక్కుకుంది. ఆ పిల్ల బొటాబొటి మార్కులతో గట్టెక్కింది.

మొదటి పరీక్ష లెక్కలోకి రాకపోయినా, పద్ధతి ప్రకారం ఆంటీనీ ఆ పిల్లనీ ఒక గదిలో కూర్చోబెట్టారు. అక్కడ ఎప్పుడూ ముందు మాట్లాడేది ఆంటీయే. ఈసారి ఆ పిల్లే ముందుగా, మెల్లగా అడిగింది, ఎవరికైనా చెప్పుకున్నారా అని.

“మా తోటికోడలికి చెప్పానమ్మా,” అంది ఆంటీ. “ఆ పొద్దున తనకూ అదే చెప్పారట మా ఆయన. తనూ గ్యాసే అందట. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరం ఏడ్చాం. నీ పుణ్యమా అని మొన్న ఇద్దరం కలిసి ఏడ్చాం.”